ఏడాకుల కొమ్మ

కాశీబుగ్గలో మా మేడ మీద
పదకొండు జీడిపప్పు డబ్బాలు.
తుప్పు తినగా మిగిలిన అక్షరాలు ఇంకా చదవొచ్చు:
డబ్ల్యూ మూడొందల ఇరవై, నికర బరువు పది కిలోలు.
లోపల ఇప్పుడు వరహాల గెడ్డ ఇసక,
జీడితోట ఎర్రమట్టి, మాగిన గత్తం,
వడకట్టేసిన టీ పొడి.
అడుగున మేకుతో పొడిచిన ఐదేసి కన్నాలు.

అన్నీ కింద వాటా లోలాక్షివి.
మెట్లెక్కితే ఆమెకు మోకాళ్ళు పట్టేస్తాయి,
అందుకని నీళ్ళు పొయ్యడం నా వంతు.
ఎప్పుడు ఒప్పుకున్నానో గుర్తులేదు.

వానలు వెనక్కి తగ్గి
మహేంద్రగిరి మళ్ళీ కనబడ్డ పొద్దున
గోడ పట్టుకుని, మెట్టుకో ఊపిరి తీసుకుని
తనే పైకొచ్చింది.
"ఒలె గుంటా, నీ కత్తెర తే."

ఇవ్వనన్నాను.
అది గుడ్డ కత్తెర.
దాంతో కాయితం కూడా కొయ్యనివ్వను ఎవర్నీ.

ఆమె బొడ్లోంచి పప్పు పొట్టు తీసే చాకు లాగి
సన్నకొమ్మల మీద మొదలెట్టింది.
"ఐదాకులున్న కాడ ఆగు.
బయటికి సూత్తన్న కన్ను ఎతుకు.
దానికి అరవేలు పైన, ఏటవాలుగా.
తిన్నగా కోత్తే నీరు నిలిచి కుళ్ళుతాది.
లోపలికి సూసే కన్ను కాడ కోసీవనుకో,
కొమ్మలు ఒకదాన్నొకటి గీరుకుంతాయి,
మా తోటికోడలూ నానూ లాగ."

ముప్పై ఏళ్ళు పిక్కలు కొట్టిన వేళ్ళు అవి.
జీడి చమురు నమిలి ఊసిన వేళ్ళు.
రేషను మిషను మీద ఎంత నొక్కినా
ఈమె ఈమె కాదంటుందట.
ముల్లు దిగినా తెలీదు,
నెత్తురు చూసి నేను చెప్పాలి.
చూపూ తగ్గింది.
అందుకే ముళ్ళ సందు చూసుకుని
కొమ్మను కింది పెదవికి ఆనించుకుంటుంది.
కన్ను అక్కడ తగులుతుంది.

కిందికెళ్ళి కత్తెర తెచ్చాను.

ఎనిమిదో డబ్బా. ఎర్రది. మూడు మొగ్గలు.
"మొగ్గల్తోటే కొయ్యి.
కొయ్యకపోతే పుయ్యదు."
చెయ్యి వణికింది నాకు.
గుడ్డకైతే టేపుంటుంది, సుద్దగీత ఉంటుంది.
తప్పు కోస్తే అతుకైనా వెయ్యొచ్చు గాని
గుడ్డ మొలవదు.
పద్దెనిమిదేళ్ళుగా ఆ భయంతోనే కోస్తున్నాను.
మళ్ళీ వచ్చేదాన్ని కొయ్యడం
ఈ చేతికి కొత్త.

కటుక్కుమంది.
గాయం మీద ఆమె పసుపు ముద్ద పెట్టింది,
పిల్లకి బొట్టు పెట్టినంత శ్రద్ధగా.

తర్వాత ఒకటొకటే దాటుకుంటూ
చివరి డబ్బా దగ్గరికొచ్చాం.
కడియం బండివాడు అమ్మిన పసుపు గులాబి
రోహిణీ ఎండలకే పోయింది.
అంటు కిందనుంచి
పిలవని చుట్టంలా ఒక కొమ్మ లేచింది.
నిలువెల్లా ముళ్ళు. లెక్కపెట్టాను: ఏడాకులు.
అడివి కొమ్మ, బలమంతా తాగేస్తాది, కనబడితే కోసీమని
నిరుడు చెప్పింది ఆమే.
కత్తెర పెట్టాను.

చెయ్యి అడ్డం పెట్టింది.
"పైదాన్ని ఇన్నాళ్ళూ మోసినాది ఇదే గదేటి.
దీని పేరేటో బండోడు సెప్పనేదు.
మనమూ అడగనేదు.
ఈ డబ్బా దానికి ఒగ్గేయ్."

రాలిన కొమ్మలు చీపురుకి అంటుకుని తిప్పలు పెట్టాయి.
కత్తెర నూనె గుడ్డతో రెండుసార్లు తుడిచాను.
అయినా మర్నాడు
దమయంతి టీచరు తెల్ల జాకెట్టు గుడ్డ మీద
మొదటి కోత పొడుగునా
సన్నగా ఆకుపచ్చ గీత.
ఉతికితే పోతుందండీ అన్నాను.

పదో రోజుకి ఎనిమిదో డబ్బాలో
ఎర్రటి కన్నొకటి మెంతిగింజంత ఉబ్బింది.
ఏడాకులది పిట్టగోడ దాటి
రైలుకట్ట వైపు తల తిప్పింది.
అది పూస్తుందో పుయ్యదో
కింద అడిగితే, "నానేటి సెప్పగల్ను" అంది లోలాక్షి.

పదకొండింటికీ నీళ్ళు పోస్తున్నాను.